నొప్పి అక్కడ కాదు

కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఒక పల్లె. రొయ్యల గుంటల పక్కన ఆండ్రూ ఇల్లు. పొద్దున పది దాటింది. వసారాలో ఆండ్రూ, ఆయన భార్య పుష్పకుమారి, డాక్టరు చదివే మనవరాలు రెజీనా.

"మళ్ళీ మొదట్నుంచి చేద్దాం తాతా. నేను డాక్టర్ని. నువ్వు పేషెంటువి. తలుపు తీసుకుని లోపలికొచ్చి కూర్చున్నావు. సరేనా? నమస్తే అండీ, నా పేరు రెజీనా. ఈ రోజు ఎందుకొచ్చినారు?"

"నువ్వు రమ్మన్నావు."

"నేను రమ్మన్లా తాతా. నీకు ఒంట్లో బాగలేక నువ్వే వచ్చినావు."

"బాగానే ఉండా."

"ఒసే రెజీనా, ఈయనతోనా నీ ప్రాక్టీసు? పెళ్ళైన మూడు రోజులకు గానీ మీ తాతకు నోరుందని నాకు తెలవలా. అదీ కూరలో ఉప్పు లేదని తెరిచినాడు."

"అవ్వా, నువ్వు చింతపండు గింజలు తీసుకుంటా ఉండు. నడిమధ్యలో రాబాకు. మూడు గంటలకు పరీక్ష పెట్టుకుని నేను ఏడస్తా ఉంటే."

"ఏడవబాకు. ఇంతకీ ఏందే ఆ పరీక్ష? ల్యాప్‌టాప్ ముందర కూర్చుంటే డాక్టరు పనొచ్చో రాదో వాళ్ళకెట్లా తెలస్తాది?"

"ఐర్లాండు డాక్టర్లు ఇద్దరు అవతల కూర్చుంటారు. వాళ్ళ మనిషొకడు జబ్బు నటిస్తాడు. ఎనిమిది నిమిషాల్లో వాడి చేత ఉన్నదున్నట్టు చెప్పించాల. జబ్బేందో పట్టుకోవాల. ఆస్పత్రిలో చేరేదానికి ఒప్పించాల. అట్లా అయితేనే రెండు నెలల ఇంటర్న్‌షిప్పు ఇస్తారు. మా కాలేజీ మొత్తానికి ఒకే సీటు."

"జబ్బు నటించే వాడికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

"చూసినావా! మన ఊళ్ళో గుంటల పనికి రమ్మంటే అందరూ ఊరికే నటిస్తారే."

"అవ్వా!"

"సరే, సరే. నేను మాట్లాడను."

"తాతా, మా సుశీల్ కుమార్ సారు ఏమన్నాడో తెలుసా? పేషెంటు నోరు తెరిచే లోపల నువ్వు మూడు ప్రశ్నలు అడిగేస్తా ఉండావు రెజీనా, నువ్వు డాక్టరువా, పోలీసువా, అన్నాడు. వినడం రాకపోతే ఏ దేశం పోయినా దండగ అన్నాడు."

"అది నా పోలికే. మీ అమ్మా అట్నే."

"మాట్లాడనన్నావు!"

"మాట్లాడలా. పోలిక చెప్పినా. అయినా వారం నుంచి ఊళ్ళో అందరి మీదా పడి ప్రాక్టీసు చేసినావు గదా, ఒక్కరన్నా పనికి రాలేదా?"

"ఆటో తోలే సైదావలన్నకు గుండెపోటు ఇచ్చినా. ఆటోలోంచి కిందపడి, పెళ్ళాం షమీమక్కకు అప్పగింతలు పెట్టి, నేను ఒక్క ప్రశ్న అడిగే లోపల చచ్చిపొయ్యినాడు. ఇంకోసారి చేస్తానని రోజూ అడగతా ఉండాడు. కామాక్షమ్మకు ఆయాసం ఇస్తే, అది కోడలు వచ్చినప్పట్నుంచే అని గంటసేపు కోడలి కతే చెప్పినాది."

"కామాక్షమ్మ నటించలేదులే. అది నిజమే."

"ఇంక మిగిలింది తాతొక్కడే. తాతా, ఇదో ఈ కాగితం, సారు పంపిన కేసు. బాగా విను. నడిస్తే నీకు ఛాతీలో బరువు. ఆగితే తగ్గతాది. అంతే. మిగతాది నేను అడిగే కొద్దీ నువ్వే కల్పించి చెప్పు."

"ఊఁ."

"నమస్తే అండీ. ఈ రోజు ఎందుకొచ్చినారు?"

"నొప్పి."

"శభాష్. ఎక్కడండీ నొప్పి?"

"కడుపులో."

"తాతా! ఛాతీలో!"

"ఛాతీ కింద కడుపే గదా."

"కడుపులో కాదయ్యా. ఈడ. నడిమధ్య. రొమ్ము ఎముక కింద."

"అవ్వా, నువ్వుండు. సరే తాతా, ఛాతీలో. ఎట్లా ఉంటాది ఆ నొప్పి?"

"గుచ్చినట్టు."

"గుచ్చడమేంది! అది గుచ్చదు. రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టినట్టు ఉంటాది. ఊపిరి సగంలో నిలిచిపోతాది. గుచ్చినట్టంట!"

"అవ్వా, పేషెంటు ఆయన. ఎప్పుడొస్తాది తాతా?"

"పడుకుంటే."

"పడుకుంటే పోతాది! నడిస్తే వస్తాదని ఇప్పుడే గదా పిల్ల చెప్పినాది? ఒక్క ముక్క గుర్తు పెట్టుకోలేవా? పడుకుంటే వచ్చే దానికి మనిషి ఆస్పత్రికి ఎందుకు పోతాడు, లేచి కూర్చుంటాడు గానీ."

"అవ్వా, ఒక మాట అడగతా. నీకెట్లా తెలుసు ఇవన్నీ?"

"నాకా?"

"నీకే. పొత్రం అంటా ఉండావు. ఊపిరి సగం అంటా ఉండావు."

"అప్పుడుండేది గదే. మట్టల ఆదివారానికి ముందు. ప్రార్థన చేయించుకున్నాక మొత్తం పొయ్యింది. దేవుడు తగ్గించినాడని మైకులో సాక్ష్యం చెప్పినా గదా, స్త్రీల సమాజం ప్రెసిడెంటుగా. చర్చి చర్చంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఇప్పుడు నాకేం లేదు. స్తోత్రం."

"ఏం లేదు గదా?"

"లేదంటా ఉంటే."

"అయితే సరే. ఉంటే చెప్పు, కావలి పోయి ఒకసారి చూపించుకుని వద్దాం."

"ఏముంది చూపించేదానికి? తగ్గిపొయ్యిందని నలుగురి ముందర చెప్పినాక మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కితే బాగుంటాదా? నీ పరీక్ష సంగతి చూసుకో పో."

"ఏం చూసుకోను? ఇట్లాంటి పేషెంటుతో ప్రాక్టీసు చేస్తే ఐర్లాండు కాదు, అల్లూరు కూడా పోలేను నేను. తాతా, నీ వల్ల కాదులే. లే."

"ఊఁ."

"లెయ్యమంటే లేస్తాడు చూడు, హాయిగా. ఇట్లా తే ఆ కుర్చీ. నేను చేస్తా."

"నువ్వా? నువ్వొద్దులే అవ్వా."

"నేనెందుకొద్దు?"

"నువ్వు మాటలెక్కువ. పేషెంటంటే నీరసంగా ఉండాల. నీకు రాదు."

"నాకు రాదా? క్రిస్మస్ నాటకంలో పదకొండేళ్ళు హేరోదు రాజు వేసినా నేను! నన్ను చూసి సండేస్కూలు పిల్లకాయలు పక్క తడిపినారు. నాకు నటన రాదంటా ఉంది చూడయ్యా ఇది."

"వచ్చు."

"చూడు, మీ తాతే ఒప్పుకున్నాడు. జరుగయ్యా నువ్వు. చింతపండు నువ్వు తియ్యి. నా పేరు వెంకటశేషమ్మ. ఊరు మనుబోలు."

"వెంకటశేషమ్మ ఎందుకు?"

"నేను కాదని తెలవాల గదా. ఆమె గుడికి పోయే మనిషి. మన చర్చితో, సాక్ష్యాలతో ఆమెకు సంబంధం లేదు."

"సరే. నమస్తే వెంకటశేషమ్మ గారూ. నేను డాక్టర్ రెజీనా. ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"నేను, నా మొగుడు. మొగుడు మూగోడు."

"నేనా?"

"నువ్వు మాట్లాడబాకు. మూగోడివి నువ్వు."

"ఊఁ."

"ఈ రోజు ఎందుకొచ్చినారండీ?"

"ఏం చెప్పమంటావు డాక్టరమ్మా. ఛాతీలో బరువు. వాటర్ ప్లాంటు కాడ్నుంచి నీళ్ళ క్యాను తెచ్చుకుంటా గదా, ముందు ఇంటి దాకా వచ్చేదాన్ని. తర్వాత మలుపు కాడ ఆగేదాన్ని. ఇప్పుడు నాలుగిళ్ళు దాటితే క్యాను దించేసి, అరుగు మీద కూర్చుని, ఎవరన్నా చూస్తే చెప్పు తెగిందని చెప్తా. ... ఏందే, ఏం అడగవు?"

"వింటా ఉండా."

"పోలీసు మాదిరి అడగతావని గదా నేను కూర్చునింది."

"నువ్వు చెప్పు. నేను వింటా ఉండా."

"రోజూ చెప్పు తెగిందంటే ఎవరు నమ్మతారు? ఒక రోజు కాల్లో ముల్లంటా. ఒక రోజు కామాక్షమ్మను పిలిచి కోడలు బాగుందా అంటా. ఇంక అరగంట నేను మాట్లాడే పని లేదు, ఆమే చెప్తాది. ఆ లోపల బరువు దిగతాది. లేచొస్తా."

"మనుబోల్లో కూడా కామాక్షమ్మ ఉందా?"

"కామాక్షమ్మలు అన్ని ఊళ్ళలో ఉంటారు. నడిమధ్యలో రాబాకు."

"సారీ అండీ. చెప్పండి."

"గ్యాసనుకున్నా. సోడా తాగినా. తేన్పు రాలా. వాము నమిలినా. పోలా. తర్వాత ఈ బరువు పైకి పాకి దవడ పట్టుకునింది. ఇదో, ఈ ఎడమ దవడ. పన్ను నొప్పనుకుని కావలి పోయి పన్ను పీకించుకున్నా."

"అవ్వా... పోయిన నెల నువ్వు పన్ను పీకించుకున్నావు గదా?"

"అది నా పన్ను. ఇది వెంకటశేషమ్మ పన్ను."

"పన్ను పీకినాక దవడ నొప్పి పొయ్యిందా అండీ?"

"పన్ను పొయ్యింది. నొప్పి ఉండాది. మంచి పన్నంట కూడా. పీకినాయన పన్ను చేతిలో పెట్టి, ఏం పుచ్చిపోలేదే అమ్మా అని ఆయనే బాధపడినాడు."

"హ్హ..."

"నవ్వతా ఉండాడు చూడు మూగోడు! నీకు నవ్వుగా ఉందా? వెంకటశేషమ్మ మొగుడు ఇట్లాంటోడే డాక్టరమ్మా, రాసుకో. పెళ్ళాం దవడ పట్టుకుని కూర్చుంటే రొయ్యల మొహం చూస్తా ఉంటాడు గానీ పెళ్ళాం మొహం చూడడు."

"రాసుకుంటా ఉండా. చెమటలు పడతాయా అండీ?"

"పడతాయి. ఎండకు అనుకుంటా."

"చెయ్యి లాగినట్టు ఉంటాదా?"

"ఎడమ చెయ్యి. గాజులు బరువైనట్టు ఉంటాది. ఇది బాగా చెప్పినా గదా? సారు ఇచ్చిన కాగితంలో ఇదుందా?"

"ఉంది. బాగా చెప్పినావు. తాత నూరేళ్ళు చేసినా రాదు ఇట్లా."

"నటనంటే అది. లోపల్నుంచి రావాల."

"ఇప్పుడు బీపీ చూడాల. చెయ్యి ఇట్టియ్యి."

"నటించేదానికి బీపీ ఏందే?"

"దానికి మార్కులుంటాయి. పట్టీ సరిగ్గా కట్టకపోతే కోస్తారు."

"అయితే గట్టిగా కట్టు. ... అబ్బా, అంత గట్టిగా కాదు. ... ఎంతొచ్చింది?"

"మాట్లాడబాకు, ఇంకోసారి చూస్తా."

"ఎంతే?"

"వెంకటశేషమ్మకు నూట ఎనభై."

"పాపం. ఎక్కువేనా అది?"

"ఎక్కువే. అండీ, ఒక్కటే అడగతా, ఆలోచించి చెప్పండి. ఈ బరువు నడిస్తేనే వస్తా ఉందా? ఊరికే కూర్చున్నా వస్తా ఉందా?"

"చింతపండు మీద ఈగలు వాలతా ఉండాయి చూడయ్యా."

"అవ్వా."

"వెంకటశేషమ్మ అను."

"వెంకటశేషమ్మ గారూ. ఊరికే కూర్చున్నా వస్తా ఉందా?"

"మొన్నట్నుంచి వస్తా ఉండాది. మొన్న వంటింట్లో. నిన్న సాయంత్రం చర్చిలో, పాట పాడతా ఉంటే. పాడినట్టు నోరాడించినా, గొంతు రాలా. ఎవరూ చూడలా. ఈ పొద్దు తెల్లారి, ఈ చింతపండు ముందర కూర్చున్నాక ఒకసారి."

"తాతా."

"ఊఁ."

"విన్నావా?"

"ఊఁ."

"మూగోడికి చెవులుంటాయిలే. ఏందే అట్లా అయిపొయ్యినావు? నీ మొగం చూస్తే నిజంగానే డాక్టరు మాదిరి ఉండాది. బాగా చేసినావు పో. నేను గూడా బాగా చేసినా. అయిపొయ్యింది గదా, లేస్తా."

"అయిపోలా! కూర్చో. చివరి భాగం ఉంది. పేషెంటును ఆస్పత్రికి ఒప్పించాల. ఒప్పుకోకపోతే నాకు సున్నా. వెంకటశేషమ్మ గారూ, ఇది గ్యాసు కాదు. పన్ను కాదు. గుండెకు రక్తం సరిగ్గా పోవడం లేదు. కూర్చున్నప్పుడు కూడా వస్తా ఉందంటే ఆగేదానికి లేదు. ఇప్పుడే, ఈ గంటలోనే ఆస్పత్రికి పోవాల."

"వెంకటశేషమ్మ రాదు."

"ఎందుకు రాదు?"

"రాదంతే. మొండిది."

"ఊరికే మొండి అంటే కుదరదు అవ్వా. కారణం చెప్పాల. పేషెంటు కారణం చెప్తేనే నేను దానికి జవాబు చెప్పగలను."

"కారణమా? తగ్గిపొయ్యిందని నలుగురి ముందర చెప్పినాది ఆమె."

"ఎక్కడ చెప్పినాది?"

"గుళ్ళో."

"గుళ్ళో సాక్ష్యం చెప్తారా?"

"మనుబోల్లో చెప్తారు."

"ఓహో."

"మైకు పట్టుకుని చెప్పినాది. పాస్టరు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పూజారి గారు. పూజారి గారు పెట్టుకున్నాడు. ఇప్పుడు పోయి మళ్ళీ నొప్పంటే ఏమౌతాది? నేను అబద్ధమాడినట్టు గాదు, దేవుడు అబద్ధమాడినట్టు ఔతాది. నేను ఎట్లా పోయినా పర్లేదు. ఆయనకు మాట రాకూడదు."

"దేవుడికి మాట రాకూడదని గుండె పట్టుకుని కూర్చుంటారా అండీ?"

"కూర్చుంటాది. వెంకటశేషమ్మ అట్లాంటిది."

"ఆ రోజు తగ్గింది నిజమే గదా. ఆ రోజుకు ఆ మాట నిజం. మళ్ళీ వచ్చింది, అది ఈ రోజు నిజం."

"చదువుకున్న దానివి, మాటలు బాగా చెప్తావు. చర్చి మెట్ల మీద కూర్చునే వాళ్ళకు రెండు నిజాలు అర్థం కావు. ఒకటే అడగతారు. తగ్గిందా, తగ్గలేదా? సున్నా వేసుకో నువ్వు. నేను లేస్తా."

"కూర్చో."

"మూగోడు మాట్లాడకూడదంటిని గదా!"

"అబిగయీలు బీపీ మాత్రలు మానేసింది."

"ఏ అబిగయీలు? మనుబోల్లో అబిగయీలు ఎవరూ లేరు."

"మన అబిగయీలు. వెనక వీధి."

"ఎవరు చెప్పినారు నీకు?"

"గుంట గట్టు మీద పారేసి పొయ్యింది. ఏరి పెట్టినా. ఇవిగో, జోబీలో ఉండాయి."

"ఎప్పుడు?"

"నీ సాక్ష్యం అయిన సోమవారం. ఏందమ్మా పారేస్తా ఉండావంటే, పుష్పక్కకు మాత్రలు లేకుండానే దేవుడు జబ్బు తీసేసినాడు గదా, నాకు తీసెయ్యడా అనింది."

"నాకు ఒక మాట చెప్పలేదే ఈయన."

"చెప్పేదానికే చూస్తా ఉండా. నువ్వు నోరు మూసేదాకా ఆగినా."

"అబిగయీలుకు ఇద్దరు చిన్న పిల్లకాయలయ్యా."

"ఊఁ. దేవుడు అబద్ధమాడలా పుష్పా. నువ్వు ముందే చెప్పేసినావు. అంతే."

"నాది... నా సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?"

"పది రోజులు."

"ఎవరు చెప్పినారు? కామాక్షమ్మా?"

"నీ పళ్ళెం."

"పళ్ళెమేంది?"

"గుంటలో మేత పళ్ళెం పైకెత్తి చూస్తా గదా రోజూ. మేత మిగిలితే రొయ్యకు బాగలేదని. పది రోజుల్నుంచి నీ పళ్ళెంలో మిగలతా ఉండాది."

"నా మొహం చూడడంటిని."

"ఊఁ."

"అడగొచ్చు గదయ్యా నన్ను?"

"అడిగితే గ్యాసంటావు."

"అంటా. అవును, అంటా. ... ఆగు. ఆగు. అయితే ఇందాక కడుపులో నొప్పన్నావే. గుచ్చినట్టన్నావే. పడుకుంటే వస్తాదన్నావే. కావాలనే చెప్పినావా?"

"తప్పు చెప్తే నువ్వు ఊరుకోవు గదా."

"దొంగ మొగమా! నలభై ఏళ్ళ నుంచి పక్కనే పెట్టుకున్నా. నాకు తెలవకుండా నాటకమాడతాడా! హేరోదు నేను కాదే రెజీనా, ఈయన!"

"అవ్వా, అరవబాకు. ఈ ఆస్పిరిన్ మాత్ర నమలు. మింగబాకు, నమలు."

"చేదు."

"చేదే. నమలు. తాతా, నీళ్ళు."

"నువ్వు గూడా ఈయనతో కలిసినావు గదే? సారు కాగితం, సారు కాగితం అంటివి. చూపించు ఆ కాగితం. ... ఇది కరెంటు బిల్లు!"

"చదవతావని అనుకోలా."

"దేవుడా. సరే. పోదాం పదండి. వెంకటశేషమ్మ ఒప్పుకునింది. కానీ ఒక సంగతి. పోయే దారిలో అబిగయీలు ఇంటి ముందర ఆపాల. ఆ మాత్రలు ఇట్టియ్యి. నేనే ఇస్తా. మైకులో చెప్పినది నేనే, దిగి చెప్పేదీ నేనే. రానంటే ఆమెను గూడా ఎక్కిస్తా, బీపీ చూపిస్తా. ఆదివారం సంగతి ఆదివారం చూసుకుంటా, పాస్టరు గారు ఏడిస్తే ఏడవనియ్యి."

"సరే. ఒక్కదానివే నడవబాకు, తాత చెయ్యి పట్టుకో. చీర మార్చుకోవద్దు."

"కావలి ఆస్పత్రికి ఈ చింతపండు చీరతోనా?"

"దీంతోనే."

"ఆటో దొరకాల గదా ముందు."

"సైదావలి బయటే ఉండాడు."

"ఎప్పుడొచ్చినాడు?"

"పదింటికి."

"పదింటికా? నేను పేషెంటుగా కూర్చునిందే పదిన్నరకు గదా! ... సైదావలీ, నువ్వు గూడానా? అట్లా పళ్ళు ఇకిలించబాకు, చూస్తా నీ పని. జరుగు, నేను ఈ పక్క కూర్చుంటా. ... అయ్యో, ఆగండి, ఆగండి! పిల్ల పరీక్ష! మూడింటికి ల్యాప్‌టాప్ ముందర కూర్చోవాల గదా ఇది? ఉండేది ఒక్క సీటు. నా వల్ల ఐర్లాండు పోగొట్టుకుంటాదా? నేను ఎక్కను. నువ్వు దిగవే రెజీనా. ఇంట్లో ఉండు, చదువుకో. మీ తాతా నేనూ పోతాం."

"పరీక్ష పోయిన శుక్రవారమే అయిపొయ్యింది. సీటు గూడా వచ్చింది. ఎక్కు."